పదో తరగతిలో ఉన్నా, ఎన్‌డీఏకి వెళ్లాలంటే ఇప్పటినుంచే ఏం చేయాలి?

పరుగుపిల్లోడు:
అందరికీ నమస్తే. తెలంగాణలో సర్కారు బడిలో పదో తరగతి చదువుతున్నా, తెలుగు మీడియం. పుట్టింది 2010 అక్టోబర్‌లో. ఎన్‌డీఏ (ఇంటర్ తర్వాత ఆఫీసర్ శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ద్వారా ఆర్మీలో ఆఫీసర్ కావాలని ఉంది, కుదిరితే ఎయిర్‌ఫోర్స్ పైలట్. మా ఇంట్లో ఎవరికీ ఈ దారి తెలియదు. సార్లను అడిగితే "ముందు ఇంటర్ కానీయ్, తర్వాత చూద్దాం" అంటున్నారు.

ఇంటర్‌లో ఏ గ్రూప్ తీసుకోవాలి? పరీక్ష ఎప్పటినుంచి రాయొచ్చు, ఎన్నిసార్లు రాయొచ్చు? కోచింగ్‌లో ఇప్పుడే చేరాలా? ఎడమ కంటికి మైనస్ 0.75 అద్దాలు ఉన్నాయి, కుడి కన్ను బాగానే ఉంది. లేజర్ చేయించుకుంటే పైలట్ అయిపోవచ్చని ఒకన్న చెప్పిండు, నిజమేనా? ఇంకొకటి, ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది కానీ మాట్లాడటం రాదు. తెలిసినవాళ్లు చెప్పండి.

బ్యారక్7:
తమ్ముడూ, నువ్వు అడగనిది ముందు చెప్తా. గడువు ఉన్నది దానికే. పదో తరగతి పరీక్షలకు మీ బడి నుంచి నామినల్ రోల్ (పరీక్ష రాసేవాళ్ల వివరాల జాబితా) పోతుంది. అందులో నీ పేరు, ఇంటిపేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ ఎలా ఎక్కిస్తే మెమోలో అలాగే అచ్చవుతాయి. ఎన్‌డీఏ పరీక్ష పెట్టే యూపీఎస్సీ వయసుకు రుజువుగా తీసుకునేది పదో తరగతి సర్టిఫికెట్‌నే. మున్సిపాలిటీ జనన పత్రం, అఫిడవిట్, జాతకం ఏవీ చెల్లవు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, మెమోలో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. అమ్మ పేరు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగ్‌తో ఉండటమూ మామూలే. రేపు హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లి నీ వివరాలు ఒకసారి చూపించమని అడుగు, ఒక్కో అక్షరం చూసుకో. ఇప్పుడు అది పెన్నుతో దిద్దే పని. మెమో వచ్చాక అయితే బోర్డు ఆఫీసు చుట్టూ తిరిగే పని. ఆధార్‌ను కూడా మెమో ప్రకారమే మార్పించుకో.

గ్రూప్ ఎంపీసీ. ఆర్మీ వింగ్‌కు ఇంటర్ ఏ గ్రూప్ అయినా సరే, కానీ నేవీ, ఎయిర్‌ఫోర్స్ వింగ్‌లకు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ ఉండాల్సిందే. పైగా ఏ వింగ్ కోరినా రాత పరీక్షలో 300 మార్కుల లెక్కల పేపర్ తప్పదు. సీఈసీ తీసుకుని "నాకు ఆర్మీయే కదా" అనుకున్నవాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఎన్నిసార్లు అంటే, పరిమితి నీ వయసే, ప్రయత్నాల లెక్కేమీ లేదు. కోర్సు మొదలయ్యే నాటికి పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర మధ్య ఉండాలి, పెళ్లి కాకూడదు. ఏడాదికి రెండు పరీక్షలు: మొదటిది మామూలుగా ఏప్రిల్‌లో, దాని కోర్సు మరుసటి జనవరిలో; రెండోది సెప్టెంబర్‌లో, దాని కోర్సు మరుసటి జూలైలో. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నవాళ్లకు అర్హత లేదు, రెండో సంవత్సరం చదువుతున్నవాళ్లు రాయొచ్చు. నీ తేదీకి లెక్క కడితే ఇలా వస్తుంది: 2027 సెప్టెంబర్, 2028 ఏప్రిల్, 2028 సెప్టెంబర్, 2029 ఏప్రిల్. నాలుగే. 2029 సెప్టెంబర్ పరీక్షకు నీ వయసు దాటిపోతుంది. నీ క్లాసులోనే 2011 ఫిబ్రవరిలో పుట్టినవాడు ఉంటే వాడికి ఇంకోటి ఎక్కువ దొరుకుతుంది.

ఈ నాలుగింటిలో అసలైనది రెండోది. 2027 సెప్టెంబర్ నాటికి నీ రెండో సంవత్సరం సిలబస్ సగం కూడా అయి ఉండదు. నీళ్ల లోతు చూడటానికి రాయి. 2028 ఏప్రిల్‌ది ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే వస్తుంది, లెక్కలు అప్పుడు ఉన్నంత వేడిగా మళ్లీ ఎప్పుడూ ఉండవు. ఒక చిక్కేంటంటే, దానికి నోటిఫికేషన్ అంతకుముందు డిసెంబర్‌లో వస్తుంది. కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌లో ఫోన్ లేకుండా ఉండే పిల్లలు అదే కోల్పోతారు. దరఖాస్తు తేదీలు గమనించే పని ఇప్పటినుంచే ఇంట్లో ఒకరికి అప్పజెప్పు. ఫీజు 100 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, అమ్మాయిలకు అదీ లేదు. చివరి రోజుదాకా ఆగకండి, చాలా ఊళ్లలో సెంటర్లు ముందు అప్లై చేసినవాళ్లకు ముందు ఇస్తారు. ఆలస్యమైతే హైదరాబాద్ నిండిపోయి ఇంకెక్కడో రాయాల్సి వస్తుంది.

లెక్కలమాస్టారు:
రాత పరీక్ష సంగతి నేను చెప్తాను.

రెండు పేపర్లు, ఒక్కోదానికి రెండున్నర గంటలు. లెక్కలు 120 ప్రశ్నలు, 300 మార్కులు: ప్రశ్నకు 2.5, తప్పుకు 0.83 కోత. జనరల్ ఎబిలిటీ (గ్యాట్) 150 ప్రశ్నలు, 600 మార్కులు: ప్రశ్నకు 4, తప్పుకు 1.33 కోత. ఆ 600లో ఇంగ్లీష్ 200. మిగతా 400లో ఫిజిక్స్ నాలుగో వంతు దాకా ఉంటుంది. కెమిస్ట్రీ, జీవశాస్త్రం, చరిత్ర, భూగోళం, వర్తమాన విషయాలు తర్వాత. ప్రశ్నపత్రం ఇంగ్లీష్‌లో, హిందీలో మాత్రమే. తెలుగులో ఉండదు. క్యాలిక్యులేటర్ లేదు.

900కు రాత కటాఫ్ ఈ మధ్య ఏళ్లలో 290కీ 360కీ మధ్య తిరుగుతోంది. దాంతోపాటు ఒక్కో పేపర్‌లో విడిగా 20 నుంచి 25 శాతం రావాలి. అంటే లెక్కల్లో 75 దాటకుండా గ్యాట్‌లో ఎంత తెచ్చినా భరోసా లేదు. లక్ష్యం 400 పెట్టుకో. లెక్కల్లో 50 ఒప్పు, 15 తప్పు అయితే 112. గ్యాట్‌లో 85 ఒప్పు, 30 తప్పు అయితే 300. అంతే, 412 వచ్చేసింది. 120 లెక్కలూ చేయాల్సిన పని లేదని అర్థమైందా? ప్రశ్నకు 75 సెకన్లే ఉన్నాయి. వరుసగా చేసుకుంటూ పోయేవాడు అరవయ్యో ప్రశ్న దగ్గర గంట వింటాడు. మొదటి చుట్టులో చూడగానే దారి తెలిసినవి మాత్రం చెయ్యి, మిగతావి రెండో చుట్టుకు.

గుడ్డిగా పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా పెడితే, సగటున వచ్చేది సున్నా, లాభమూ లేదు నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్ ఖాయంగా తప్పని తెలిస్తే గ్యాట్‌లో ప్రశ్నకు సగటున 0.44 మిగులుతుంది. రెండు కొట్టేయగలిగితే ధైర్యంగా పెట్టు.

మన ఇంటర్ ఎంపీసీ చదివినవాడికి ఎన్‌డీఏ లెక్కలు బరువు కాదు. మాత్రికలు, నిర్ధారకాలు, త్రికోణమితి, సరళరేఖలు, వృత్తాలు, సదిశలు, అవకలనం, సమాకలనం, సంభావ్యత అన్నీ ఉన్నవే. దెబ్బ తగిలేది చిన్న అధ్యాయాల దగ్గర. సమితులు, సంవర్గమానాలు, శ్రేఢులు పదో తరగతిలో చదివి మర్చిపోతారు. ద్విసంఖ్యామానం, సహసంబంధం, ప్రతిగమనం కాలేజీలో చెప్పకపోవచ్చు. వీటి నుంచి వచ్చే ప్రశ్నలు చాలా తేలిక, వారం రోజుల పని. కాబట్టి తెలంగాణ పదో తరగతి లెక్కల పుస్తకం పాత పేపర్లవాడికి అమ్మేయకు, దాచుకో.

కోచింగ్ గురించి నా మాట: ఇప్పుడు వద్దు. ఇంటర్ లెక్కలు, ఫిజిక్స్ సరిగ్గా చదివితే రాత పరీక్షలో సగం పైన అయిపోయినట్టే. చరిత్రకు, భూగోళానికి, జీవశాస్త్రానికి ఆరు నుంచి పది తరగతుల పుస్తకాలు చాలు, ఇంగ్లీష్ మీడియంవి చదువు. రెండో సంవత్సరం వేసవిలో పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని పదిహేను చేస్తే నీ బలహీనత నీకే తెలుస్తుంది. యూపీఎస్సీ వెబ్‌సైట్‌లో పాత పేపర్లు ఊరికే దొరుకుతాయి. "ఎనిమిదో తరగతి నుంచే ఎన్‌డీఏ ఫౌండేషన్" అని అమ్ముతున్నారే, అందులో ఎక్కువ భాగం మామూలు స్కూల్ సిలబస్సే, పిల్లాడికి క్యామోఫ్లాజ్ టీషర్ట్ అదనం.

కంటిచుక్క:
అద్దాల విషయంలో కొంచెం చేదు మాట. ఎన్‌డీఏ ద్వారా ఫ్లయింగ్‌కు అద్దం లేకుండా ఒక కన్ను 6/6 (అంటే పూర్తి చూపు), రెండోది 6/9 ఉండాలి, అది అద్దంతో 6/6 కావాలి. మైనస్ పవర్ అసలు ఉండకూడదు. 0.75 చిన్నదే, అయినా ఫ్లయింగ్‌కు ఆ తలుపు మూసుకున్నట్టే. పవర్ ఒక్కటే కాదు, పైలట్‌కు కొలతలు కూడా ఉంటాయి: ఎత్తు కనీసం 162.5 సెం.మీ., కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96, కాలి పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64కు మించకూడదు. కాక్‌పిట్‌లో పట్టాలి, పెడల్స్ అందాలి, అందుకు.

ఆర్మీకి మాత్రం నీ కన్ను అడ్డు కాదు. అద్దం లేకుండా 6/36 దాకా ఒప్పుకుంటారు, అద్దంతో రెండు కళ్లూ 6/6 రావాలి, మైనస్ 2.5 లోపల ఉండాలి. ఎయిర్‌ఫోర్స్ గ్రౌండ్ డ్యూటీ కూడా తెరిచే ఉంది. నేవీ నిబంధన ఆర్మీ కంటే గట్టిది, దరఖాస్తు నాటి నోటిఫికేషన్ వెనక ఉండే అనుబంధంలో చూసుకో.

అయితే నీకు పదిహేనేళ్లు. ఎదిగే వయసులో మైనస్ పెరుగుతుంది. ఆర్నెల్లకోసారి చూపించుకో, ప్రతిసారీ మూడు సంగతులు కాగితం మీద రాయించుకో: అద్దం లేకుండా చూపు ఎంత, పవర్ ఎంత, రంగుల పుస్తకం చూపించినప్పుడు అంకెలన్నీ చదివావా లేదా. కళ్లద్దాల షాపులో మిషన్ రీడింగ్ నమ్మకు, డాక్టర్ దగ్గర చుక్కలు వేయించుకుని చేయించు. ఈ వయసులో కన్ను బిగపట్టి చూస్తుంది కాబట్టి చుక్కలు లేకుండా తీస్తే మైనస్ ఎక్కువ చూపించడం మామూలు. నీ 0.75 కూడా అలా వచ్చిందేమో ముందు తేల్చుకో.

వీధిచివర:
లేజర్ చేయించుకుంటే అయిపోయేదానికి ఇంత ఎందుకు? చేసినట్టు కూడా కనపడదంట కదా.

కంటిచుక్క:
కనపడుతుంది. కార్నియా పైభాగాన్ని మిషన్‌తో పటం తీస్తే లేజర్ పడిన చోటు పలచబడి స్పష్టంగా తెలుస్తుంది. ఇంటర్ స్థాయి ఎంట్రీకి లేజర్ చేయించుకున్న కన్నును ఆర్మీ తీసుకోదు. ఎయిర్‌ఫోర్స్ ఒప్పుకోవాలన్నా ఆపరేషన్ నాటికి 20 ఏళ్లు నిండాలి, అప్పటికి ఎన్‌డీఏ వయసే దాటిపోతుంది. పైగా దాచినట్టు తేలితే అభ్యర్థిత్వమే పోతుంది. తమ్ముడూ, ఆ లేజర్ మాట చెప్పిన అన్నకు దండం పెట్టి వచ్చెయ్. మైనస్ 0.75తో ఆర్మీకి పనికొచ్చే కన్నును లేజర్ చేయించి పనికిరాకుండా చేసుకోవడం అవుతుంది.

మిగతా ఒంటి పరీక్ష కూడా ఇప్పుడే ఇంట్లో చేసుకోవచ్చు. కాళ్లు తడిపి గచ్చు మీద నిలబడు. ముద్రలో పాదం మధ్య లోపలివైపు వంపు లేకుండా మొత్తం పడితే చదును పాదం. కంగారు పడకు, మునివేళ్ల మీద లేచి నిలబడు. అప్పుడు వంపు కనిపించి, నొప్పి లేకుండా గెంతగలిగితే ఒప్పుకుంటారు. మోకాళ్లు తాకించి నిలబడితే చీలమండల మధ్య 5 సెం.మీ. మించి ఎడం ఉంటే అది నాక్‌నీ. చేతులు అరచేతులు ముందుకు పెట్టి చాపితే మోచేతి దగ్గర బయటికి వంగే కోణం అబ్బాయిలకు 15 డిగ్రీలు దాటకూడదు. పళ్లకు పాయింట్లుంటాయి, 22కు కనీసం 14 కావాలి. పుచ్చిన దవడ పన్ను పీకించేయకుండా సిమెంట్ పెట్టించు. చెవిలో గులిమి తీయించడానికి పిన్నీసు వాడినవాళ్లే చెవిపొర చిల్లుతో వెనక్కి వస్తారు. ముక్కు దూలం వంకర, టాన్సిల్స్, హైడ్రోసిల్, వేరికోసిల్, హెర్నియా లాంటివి ఆపరేషన్‌తో సరయ్యేవే, కానీ గాయం మానడానికి నెలలు పడుతుంది. మెడికల్‌కు పది రోజుల ముందు చేయించుకుంటే లాభం లేదు. నీకు ఇంకా రెండేళ్ల పైన టైముంది.

పచ్చబొట్టు పొడిపించుకోవద్దు. మోచేతి నుంచి మణికట్టు వరకు లోపలివైపు, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడ ఉన్నా చిక్కే. గిరిజన తెగల ఆచారం ప్రకారం ఉన్నవాటికి మాత్రం మినహాయింపు ఉంది.

మెడికల్‌లో అన్‌ఫిట్ అని రాసినా అక్కడితో అయిపోదు. అప్పీల్ బోర్డుకు వెళ్లే హక్కు ఉంటుంది, 42 రోజుల లోపు. ఆ గడువులో ఏం సరిచేసుకోవచ్చో అక్కడి డాక్టర్‌నే అడిగి రాసుకోవాలి. చాలామంది బరువు, గులిమి, బీపీ లాంటి వాటికి ఏడుస్తూ ఇంటికి వచ్చేస్తారు, అప్పీల్ చేయనే చేయరు.

పరుగుపిల్లోడు:
అక్కా/అన్నా, థ్యాంక్స్. పైలట్ అంటే కొంచెం బాధేసింది కానీ ఆర్మీ ఉంది కదా. చుక్కల పరీక్ష చేయించుకుంటా. ఇంగ్లీష్ గురించి ఎవరూ చెప్పలేదు.

గుంపులోగోవిందు:
ఇంగ్లీష్ దగ్గరే ఎస్‌ఎస్‌బీ (రాత తర్వాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డ్ చేసే ఇంటర్వ్యూ) మొదలవుతుంది, కాబట్టి రెండూ కలిపి చెప్తా. రాత పాసైనవాళ్లను అయిదు రోజుల ఇంటర్వ్యూకు పిలుస్తారు. దీనికీ 900 మార్కులే, రాతకు సమానం. అందుకే రాతలో 450 తెచ్చుకున్నవాడు ఇంట్లో ఉండి, 320 వాడు ఖడక్‌వాస్లా (పుణె దగ్గర ఎన్‌డీఏ ఉన్న చోటు) పోవడం జరుగుతుంది. రెండూ కలిపి 1800కు చివరి కటాఫ్ సుమారు 650 నుంచి 720.

మొదటి రోజు స్క్రీనింగ్. సగానికి పైగా ఆ సాయంత్రమే రైలెక్కుతారు. ముందు బుద్ధి పరీక్ష, తర్వాత మసకగా ఉన్న బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు. ఎంతమంది ఉన్నారు, ఆడా మగా, వయసు, మూడ్ ఒక నిమిషంలో రాసి, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. ఆ తర్వాత పది పదిహేను మంది గుండ్రంగా కూర్చుని ఒక్కొక్కరు నిమిషంలో కథ చెప్పి, అందరూ కలిసి ఒకే కథకు రావాలి. మనవాళ్లు పోయేది ఇక్కడే. రాసిన కథ బాగుంటుంది, చెప్పేటప్పుడు నోరు రాదు. చర్చలో చేపల మార్కెట్‌లా అరుపులు మొదలవుతాయి, మన పిల్లాడు చేతులు కట్టుకుని వింటాడు. అరవాల్సిన పని లేదు, మూడు నాలుగు సార్లు పనికొచ్చే మాట పూర్తి వాక్యంలో చెబితే చాలు. "బొమ్మలో ముగ్గురే ఉన్నారు, నాలుగోవాడు ఎక్కణ్నుంచి వచ్చాడు" అని నెమ్మదిగా అడిగినవాణ్ని అందరూ వింటారు.

ఇంగ్లీష్, హిందీ రెండింటిలో ఏదైనా వాడొచ్చు. గ్రామర్ తప్పులకు మార్కులు కోయరు, కానీ ఆలోచన మాటగా బయటికి రాకపోతే అక్కడ కొలవడానికి ఏమీ ఉండదు. తెలుగు మీడియం పిల్లలు చేసే తప్పు, ముందు తెలుగులో వాక్యం కట్టుకుని మనసులో మార్చుకుని చెప్పడం. ఒక నిమిషంలో అది సాధ్యం కాదు. మందు ఒకటే: రోజూ ఒక ఫొటో తీసుకో, నాలుగు నిమిషాల్లో పది వాక్యాలు ఇంగ్లీష్‌లో రాయి, చూడకుండా నిమిషంలో ఫోన్‌లో రికార్డ్ చెయ్, విను. మొదటి నెల నీ గొంతు నీకే నచ్చదు. ఆర్నెల్లకు చిన్న వాక్యాలు తన్నుకుని వస్తాయి. పెద్ద పదాలు బట్టీ పెట్టకు. చుట్టూ ఇంగ్లీష్ మాట్లాడేవాళ్లు లేరని కూర్చోకు, రేడియోలో ఇంగ్లీష్ వార్తలు వింటూ వెనకే పలకడానికి ఎవరి తోడూ అక్కర్లేదు.

రెండో రోజు సైకాలజీ. 12 బొమ్మల కథలు, అందులో ఆఖరిది ఖాళీ తెల్ల స్లైడ్. 60 పదాలు, ఒక్కోదానికి 15 సెకన్లలో వాక్యం. 60 సందర్భాలు, అరగంట. చివర అమ్మానాన్న, టీచర్లు, స్నేహితులు నీ గురించి ఏమనుకుంటారు, నువ్వేమనుకుంటావు అని 15 నిమిషాల్లో రాయాలి. తర్వాతి రెండు రోజులు మైదానంలో: గ్రూప్ డిస్కషన్లు, నమూనా మీద ప్లానింగ్, పలకలు, తాళ్లు, దుంగలతో అడ్డంకులు దాటడం, మూడు నిమిషాల ప్రసంగం, ఒంటరిగా దాటే పది అడ్డంకులు, కొందరిని వెంటబెట్టుకుని నడిపించే కమాండ్ టాస్క్. మధ్యలో పర్సనల్ ఇంటర్వ్యూ. అయిదో రోజు కాన్ఫరెన్స్, అంటే బోర్డు అంతా కలిసి కూర్చుని ఫలితం తేల్చేది.

బట్టీ వాక్యాలు పనిచేయవు. "దయ్యం" అనే పదానికి వందమంది కోచింగ్ పిల్లలు ఒకే వాక్యం రాస్తే సైకాలజిస్ట్‌కు తెలియదా? ముగ్గురు వేర్వేరుగా కొలుస్తారు: కాగితం చూసేవారు, మైదానంలో చూసేవారు, ఎదురుగా కూర్చుని మాట్లాడేవారు. కాగితం మీద సాహసవీరుడివై, మైదానంలో దుంగ ఎత్తడానికి కూడా ముందుకు రాకపోతే ఆ మూడూ అతకవు. ఇంటర్వ్యూకు ముందు నింపే ఫారంలో ఏ ఆట రాస్తే దాని కోర్టు కొలతలు, ఏ హాబీ రాస్తే గత నెలలో దానికి ఏం చేశావు అని అడుగుతారు. కబడ్డీ ఆడితే కబడ్డీ అని రాయి. గోల్ఫ్ గొప్పగా ఉంటుందని రాసేవాళ్లు ఉన్నారు మరి.

ఈ వయసులో ఎస్‌ఎస్‌బీ కోచింగ్ కంటే పది మందితో కలిసి చేసే పని ఏదైనా మేలు. క్లాస్ లీడర్, బడి వార్షికోత్సవం ఏర్పాట్లు, ఊళ్లో వాలీబాల్ టీమ్, ఏదైనా. ఎన్‌సీసీ ఉంటే చేరు, క్యాంపుల వల్ల బెరుకు పోతుంది. కానీ దాని సర్టిఫికెట్‌కు ఎన్‌డీఏలో అదనపు మార్కులు ఉండవు, ఆ భ్రమ వద్దు.

"రికమెండేషన్ చేయిస్తాం, ఇంత ఇవ్వండి" అని ఫోన్ చేసేవాళ్లు పుట్టుకొస్తారు. ఆ అయిదు రోజుల్లో ఎవరూ ఎవరికీ ఏమీ చేయించలేరు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఏసీ త్రీటైర్ రైలు ఛార్జీ తిరిగి ఇస్తారు, టికెట్ పారేయకు.

మందారం:
మా చెల్లి తొమ్మిదో తరగతి. అమ్మాయిలకు ఎన్‌డీఏ నిజంగా ఉందా, లేక పేరుకేనా?

బ్యారక్7:
ఉందండీ. సుప్రీంకోర్టు ఆదేశంతో 2021లో పరీక్ష రాయనిచ్చారు, 2022లో మొదటి బ్యాచ్ చేరింది, 2025 మే నెలలో 17 మంది అమ్మాయిలు పాసై బయటికి వచ్చారు. రాత పేపర్ ఒకటే, వయసు నిబంధన ఒకటే. ఎత్తు ప్రమాణం, పరుగు సమయం వేరు. సీట్లు మాత్రం తక్కువ, ఆర్మీకి ఇచ్చే 208లో అమ్మాయిలకు 10. కాబట్టి వాళ్లు కటాఫ్‌కు బాగా పైనే లక్ష్యం పెట్టుకోవాలి. చెల్లి తొమ్మిదిలోనే ఉంది కాబట్టి గ్రూప్ ఎంపిక, కళ్లు, నామినల్ రోల్ అన్నీ పైన చెప్పినట్టే.

వంతెనపక్కన:
అందరూ ఎన్‌డీఏ ఒక్కటే చెప్తున్నారు. నాలుగు ప్రయత్నాలూ పోతే ఏంటో కూడా తెలియాలి కదా.

ఇంటర్ మీదే ఇంకో రెండు దారులు. ఆర్మీలో టెక్నికల్ ఎంట్రీ: ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ కలిపి 60 శాతం, జేఈఈ మెయిన్ రాసి ఉండాలి, వయసు ఎన్‌డీఏలాగే. రాత పరీక్ష లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీ. ఎంపీసీ పిల్లలు ఎలాగూ జేఈఈ రాస్తారు కాబట్టి దీన్ని వదిలేయడం తెలివితక్కువ. నేవీలో బీటెక్ క్యాడెట్ ఎంట్రీ: ఆ మూడింట్లో 70 శాతం, ఇంగ్లీష్‌లో 50 శాతం, జేఈఈ మెయిన్ ర్యాంక్. ఇంగ్లీష్ మార్కును మనవాళ్లు పట్టించుకోరు, ఇక్కడ అది అడుగుతారు.

డిగ్రీ తర్వాత సీడీఎస్ (డిగ్రీవాళ్లకు యూపీఎస్సీ పెట్టే పరీక్ష), ఎయిర్‌ఫోర్స్‌కు ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్‌ఫోర్స్ సొంత పరీక్ష), ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు స్పెషల్ ఎంట్రీ. అంటే ఆఫీసర్ కావడానికి పందొమ్మిదిన్నర చివరి గీత కాదు.

అగ్నివీర్ వేరే సంగతి. అది జవాన్ స్థాయి, పదిహేడున్నర నిండాక, నాలుగేళ్లు, ఆ తర్వాత పాతిక శాతం దాకా మాత్రమే ఉంచుకుంటారు. గౌరవం తక్కువని కాదు, కానీ "ముందు అగ్నివీర్‌గా చేరి తర్వాత ఎన్‌డీఏ" అనే లెక్క వయసు దగ్గరే తప్పుతుంది. జనరల్ డ్యూటీకి పదో తరగతిలో మొత్తం మీద 45 శాతం, ఒక్కో సబ్జెక్ట్‌లో 33 ఉండాలి. 1.6 కి.మీ. అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తితే పరుగుకు పూర్తి 60 మార్కులు.

ఇంట్లో చెప్పడానికి: ఖడక్‌వాస్లాలో మూడేళ్లు చదువు, తిండి, బట్టలు, వైద్యం ప్రభుత్వానివే. చేతి ఖర్చు ఇంటివాళ్లు పంపాలి. ఆ మూడేళ్లకు జేఎన్‌యూ డిగ్రీ వస్తుంది. తర్వాత ఆర్మీవాళ్లకు దెహ్రాదూన్‌లో ఏడాది, ఆ ఏడాది నెలకు 56,100 రూపాయల స్టైపెండ్. నేవీవాళ్లు కేరళలోని ఎళిమలకు, ఎయిర్‌ఫోర్స్‌వాళ్లు మన దుండిగల్‌కు. మధ్యలో తన ఇష్టంతో మానేసి వస్తే శిక్షణ ఖర్చు కట్టించుకుంటారు, ఆ ఒప్పందం మీద ముందే సంతకం పెట్టాలి. ఇది నాన్నకు ముందే చెప్పు, చివర్లో కాగితం చూసి భయపడకుండా.

పరుగుపిల్లోడు:
చాలా స్పష్టమైంది. ఆఖరి ప్రశ్న. ఇంటర్‌కు హాస్టల్‌లో వేస్తారు, పొద్దున అయిదున్నరకే స్టడీ అవర్. గ్రౌండ్ లేదు. పరుగు ఎలా?

బ్యారక్7:
అందుకే హాస్టల్‌కు వెళ్లేలోపు పునాది వేసుకో. అకాడమీలో చేరేముందు అభ్యర్థి చేయగలగాలని నోటిఫికేషన్‌లోనే రాస్తారు: 2.4 కి.మీ. 15 నిమిషాల్లో; స్కిప్పింగ్; పుషప్‌లు, సిటప్‌లు కనీసం 20 చొప్పున; చినప్‌లు 8, తాడు ఎక్కడం 3 నుంచి 4 మీటర్లు. పదిహేనేళ్లవాడికి ఇది పెద్ద పని కాదు. ఒక్కటే షరతు, ఒక్కసారిగా చేయొద్దు.

పదో తరగతి పరీక్షలు అయ్యాక వారానికి మూడు రోజులు, నిమిషం పరుగు నిమిషం నడక, 20 నిమిషాలు. వారం వారం నడక తగ్గించు. నెలన్నరకు 2 కి.మీ. ఆగకుండా వస్తుంది, అప్పుడు వాచ్ పట్టుకో. వారానికి పదో వంతు కంటే ఎక్కువ దూరం పెంచకు. సిమెంట్ రోడ్డు కాకుండా మట్టి నేల వెతుక్కో. మొదటి వారంలోనే రోజూ 5 కి.మీ. పరుగెత్తిన పిల్లలకు మోకాలి కింద ముంగాలి ఎముక వెంబడి నొప్పి వస్తుంది. అది రెండు వారాల విశ్రాంతితో పోతుంది. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే మాత్రం సన్నని పగులు కావొచ్చు, పరుగు ఆపి డాక్టర్‌కు చూపించు. చెప్పుల్లేకుండానో, అరిగిపోయిన క్యాన్వాస్ బూట్లతోనో చేయకు.

చినప్‌లు రాకపోతే దిగులు వద్దు. ముందు 30 సెకన్లు వేలాడు, తర్వాత కుర్చీ మీంచి గడ్డం పైకి పెట్టి అయిదు సెకన్లలో నెమ్మదిగా దిగు, రోజు విడిచి రోజు అయిదుసార్లు. రెండు నెలలకు మొదటి చినప్ వస్తుంది. తాడు ఎక్కేది చేతులతో కాదు, పాదాల మధ్య తాడు బిగించి కాళ్లతో. అది ఊళ్లో చెట్టుకు తాడు కట్టి పెద్దవాళ్లెవరైనా దగ్గర ఉన్నప్పుడు నేర్చుకో.

హాస్టల్‌లో పెరిగింది నిలబెట్టుకుంటే చాలు. స్కిప్పింగ్ తాడుకు టెర్రస్ మీద రెండు గజాల చోటు సరిపోతుంది: నిమిషం ఆట, అర నిమిషం విరామం, పదిసార్లు. పుషప్‌లు, సిటప్‌లు మంచం పక్కన. ఆదివారం ఔటింగ్ దొరికితే ఆ రోజు పరుగు. కాలేజీ ఎంచుకునేటప్పుడు, ర్యాంకుల ఫ్లెక్సీ చూసే ముందు, సాయంత్రం గంట బయటికి వదులుతారా అని మీ నాన్నతో అడిగించు. ఫీజు కట్టకముందే అడిగించు, కట్టాక అడిగితే లాభం లేదు.

లెక్కలమాస్టారు:
ఒకటి మర్చిపోయా. జేఈఈ మెయిన్ రెండో విడత కూడా ఏప్రిల్‌లోనే ఉంటుంది. అడ్మిట్ కార్డులు వచ్చాక రెండు తేదీలూ, రెండు ఊళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకో. ఎన్‌డీఏ పేపర్లు ఆదివారం ఒక ఊళ్లో, మరుసటి రోజు జేఈఈ ఇంకో ఊళ్లో పడితే రాత్రి బస్సు టికెట్ ముందే తీసి పెట్టుకోవాలి.